ఇంటి కలప: ఆరబెట్టడం, చెద నుంచి కాపాడుకోవడం – తరచుగా అడిగే ప్రశ్నలు

రాజమండ్రి చుట్టుపక్కల ఇళ్ల పనులు చూసుకుంటూ ఉంటాను. కలప గురించి నాకు వచ్చే ఫోన్లలో సగానికి పైగా గృహప్రవేశం అయిపోయాక వచ్చేవే. అప్పటికి చేయగలిగింది తక్కువ. అందుకని ఎక్కువమంది అడిగే ప్రశ్నలకు జవాబులు ఇక్కడ రాసి పెడుతున్నాను. ఇంకా పునాది దగ్గరే ఉన్నవాళ్లకు ఇవి బాగా పనికొస్తాయి.

వానాకాలంలో తలుపు పట్టేస్తోంది, ఎండాకాలంలో సందులొస్తున్నాయి. మేము వాడింది టేకే కదా?

టేకైనా చెక్క చెక్కే. గాలిలో తేమ పెరిగితే పీల్చుకుని ఉబ్బుతుంది, గాలి పొడిబారితే వదిలేసి కుంచించుకుపోతుంది. మిగతా చెక్కల కంటే టేకు ఈ పని తక్కువగా చేస్తుంది కాబట్టే దానికి అంత పేరు. అసలు కదలదని కాదు.

లెక్క చూడండి. ఆరు అంగుళాల వెడల్పున్న టేకు పలకను 20 శాతం తేమ ఉండగా బిగించారనుకుందాం. అది 11 శాతానికి ఆరేసరికి వెడల్పులో దాదాపు రెండున్నర మిల్లీమీటర్లు తగ్గుతుంది. తలుపులో అలాంటి పలకలు నాలుగైదు ఉంటే సందు ఎంత వస్తుందో మీరే ఊహించుకోండి. పొడవులో మాత్రం తగ్గుదల దాదాపు ఉండదు. అందుకే తలుపు ఎప్పుడూ పక్కల పడుతుంది గానీ, ఎత్తు తగ్గిపోయిందని ఎవరూ చెప్పరు.

ఇంకో సంగతి. దుంగలో వలయాల వెంట వచ్చే తగ్గుదల, నడిమధ్య నుంచి బెరడు వైపు వచ్చే తగ్గుదలకు సుమారు రెట్టింపు ఉంటుంది. ఒకే ముక్క రెండు వైపులా రెండు రకాలుగా లాగుతుంది కాబట్టే పలక దోనెలా వంగుతుంది, చతురస్రంగా కోసిన కమ్మె (ద్వారబంధానికి వాడే మందపాటి చెక్క) పక్కకు ఒరుగుతుంది. వడ్రంగి మీద కోప్పడే ముందు ఇది గుర్తు తెచ్చుకోండి. చాలాసార్లు తప్పు అతనిది కాదు.

చెక్కలో అంత నీరు ఎక్కడ ఉంటుంది?

రెండు చోట్ల. చెక్క అంటే సన్నని గొట్టాల కట్ట అనుకోండి. గొట్టాల బోలులో నిలిచిన నీరు ఒకటి, గొట్టాల గోడల్లో ఇంకిన నీరు ఇంకొకటి. కొట్టిన చెట్టులో మొదట పోయేది బోలులోని నీరు. అది పోతే బరువు తగ్గుతుందే తప్ప సైజు మారదు. తేమ 25 నుంచి 30 శాతానికి దిగాక గోడల్లోని నీరు బయటికి రావడం మొదలవుతుంది. కుంచించుకుపోవడం, పగలడం, మెలి తిరగడం అన్నీ అక్కడి నుంచే. అందుకే కొట్టి రెండు నెలలైన దుంగ పైకి ఆరినట్టు కనిపించినా లోపల అసలు కథ ఇంకా మొదలై ఉండదు.

ఎంత ఆరితే వాడొచ్చు?

ఏ ఊళ్లో వాడుతున్నారన్నదే ముఖ్యం. చెక్క తన చుట్టూ ఉన్న గాలితో రాజీ పడే దాకా ఆరుతుంది. హైదరాబాద్, కరీంనగర్ లాంటి పొడి ప్రాంతాల్లో తలుపులు, కిటికీలకు 10 నుంచి 12 శాతం ఉంటే నిశ్చింత. కాకినాడ, మచిలీపట్నం లాంటి సముద్రపు ఊళ్లలో 12 నుంచి 15 వరకు పర్వాలేదు. అక్కడ 8 శాతానికి ఆరబెట్టి తెచ్చినా ఇంట్లో పెట్టాక మళ్లీ తేమ పీల్చి ఉబ్బుతుంది. ఎంత ఆరితే అంత మంచిదన్న మాట పూర్తిగా నిజం కాదు. ఏ ప్రాంతానికి ఎంత ఉండాలో భారతీయ ప్రమాణం ఐఎస్ 287లో ఇచ్చారు.

తేమ ఎంతుందో నేనే కొలుచుకోవచ్చా?

భేషుగ్గా. రెండు సూదులుండే తేమ మీటర్లు ఆన్‌లైన్‌లో దొరుకుతున్నాయి. పైపైన గుచ్చి చూస్తే పై పొర తేమే తెలుస్తుంది కాబట్టి, మందపు కమ్మెనైతే ఓ చోట కోయించి, లోపలి ముఖం మీద గుచ్చి చూడాలి. అడితి వాళ్లు దీనికి అంత సులువుగా ఒప్పుకోరు. డబ్బులిచ్చేది మీరు కాబట్టి పట్టుబట్టండి.

మీటరు లేకపోతే పాత పద్ధతి ఉంది. పలక చివరి నుంచి ఒకటిన్నర అడుగు లోపలికి వెళ్లి (చివర్లు ముందే ఆరిపోయి ఉంటాయి కాబట్టి) అంగుళం మందాన అడ్డంగా ఒక ముక్క కోయండి. వంటింటి డిజిటల్ కాటా మీద వెంటనే తూచి రాసుకోండి. తర్వాత ఓవెన్‌లో 103 డిగ్రీల దగ్గర పెట్టి, బరువు ఇక తగ్గడం లేదనే దాకా మళ్లీ మళ్లీ తూచండి. మొదట 312 గ్రాములు, చివరికి 260 గ్రాములు వచ్చాయనుకుందాం. పోయిన నీరు 52 గ్రాములు. దాన్ని 260తో భాగిస్తే 20 శాతం. ఆ ముక్క వచ్చిన లాటు తలుపులకు పనికిరాదు.

భాగించేది పొడి బరువుతో అని గమనించండి. అందుకే పచ్చి చెక్కలో తేమ 100 శాతం దాటిందని ఎవరైనా అంటే నవ్వకండి. పొడి చెక్క బరువు కంటే నీటి బరువు ఎక్కువ ఉందని దాని అర్థం.

కలప ఎప్పుడు కొనాలి?

పునాది తవ్విన వారమే. మా ఇంట్లో నేను చేసిన తప్పు ఇదే కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

గోడలు లేచే సమయానికి ద్వారబంధం ఎత్తడానికి ముహూర్తం పెట్టేశారు. శ్రావణ మాసం. పంతులుగారు చెప్పిన రోజుకు ఇంకా పన్నెండు రోజులే ఉంది. తెలిసిన అడితిలో దుంగ చూపించి, 'పాత సరుకండీ, రెండేళ్లయింది కొట్టి' అన్నారు. నమ్మాను. దుంగగా రెండేళ్లు పడి ఉండటం వేరు, కోసి ఆరబెట్టడం వేరని అప్పటికే నాకు తెలుసు. తెలిసి కూడా తొందరలో పట్టించుకోలేదు. మిల్లులో రంపం దిగినప్పుడు పొట్టు ఎగరలేదు, తడిసిన రవ్వలా కింద ముద్దగా పడింది. ఆ క్షణంలో ఆగాల్సింది. పసుపు, మామిడాకులు, నవధాన్యాల మధ్య గుమ్మం ఎత్తాం. మరుసటి ఏప్రిల్‌కి గడపకూ నిలువు కమ్మెకూ మధ్య జాయింటులో రూపాయి బిళ్ల దూరేంత సందు వచ్చింది. ఇప్పటికీ అలాగే ఉంది. వచ్చినవాళ్ల కళ్లు దాని మీద పడతాయేమోనని అక్కడ పెద్ద ముగ్గు వేయిస్తుంటాను.

చెక్క ఆరడానికి ముహూర్తం ఆగదు. కాబట్టి చెక్కే ముందు రావాలి. అప్పటికే ఆలస్యమైందా? ముహూర్తానికి సింహద్వారం ఒక్కటి ఆరిన చెక్కతో ఎత్తండి. మిగతా గుమ్మాలకు గోడల్లో ఖాళీ వదిలి, ప్లాస్టరింగ్ ఆరాక హోల్డ్‌ఫాస్టులతో (గుమ్మాన్ని గోడకు పట్టి ఉంచే ఇనుప పట్టీలు) బిగించండి. తడి గోడల మధ్య నెలల తరబడి నిలబడే బాధ కూడా చెక్కకు తప్పుతుంది.

ఇంటి దగ్గర పేర్చి ఆరబెట్టడం ఎలా?

దుంగను కాదు, సైజులకు కోయించి ఆరబెట్టాలి. చిత్రిక పడితే, ఆరాక సరిచేస్తే తరిగిపోతుంది కాబట్టి అర అంగుళం దాకా అదనంగా కోయించండి.

పైన కప్పు ఉండి పక్కల నుంచి గాలి ఆడే చోటు చూడండి. కారు షెడ్డు చాలు. నేల మీద సిమెంటు బ్లాకులు ఒకే మట్టంలో పేర్చి, కలపను కనీసం అడుగు ఎత్తులో ఉంచండి. వరసకూ వరసకూ మధ్య అంగుళం మందం బద్దలు, రెండడుగులకొకటి చొప్పున అడ్డంగా పెట్టాలి. అన్ని వరసల్లోనూ బద్దలు ఒకదాని మీద ఒకటి సరిగ్గా నిలువు గీతలో రావాలి. కిందిది ఒకచోట, పైది ఇంకోచోట ఉంటే ఆ మధ్యలో పలక పల్లకీ బొంగులా వంగుతుంది, ఆరాక ఆ వంపు తీయడం ఎవరి వల్లా కాదు. బద్దలు కూడా ఆరినవే వాడండి. పచ్చి బద్దలు పెడితే వాటి కింద నల్లటి మచ్చలు పడతాయి.

పలకల చివర్లకు మైనమో, చిక్కటి పెయింటో రెండు పూతలు వేయండి. నీరు చివర్ల నుంచి చాలా వేగంగా పోతుంది, పగుళ్లన్నీ అక్కడే మొదలవుతాయి. చివరగా పై వరస మీద బరువు పెట్టండి. లేకపోతే పైనున్న రెండు వరసలూ మెలి తిరుగుతాయి.

అంగుళం పలకలకు వానల్లేని రోజుల్లో రెండు మూడు నెలలు చాలు. మూడంగుళాల కమ్మెకు మాత్రం దానికి మూడింతలు అనుకుంటే సరిపోదు. మందం రెట్టింపైతే పట్టే సమయం రెట్టింపు కంటే ఎక్కువే. నేనైతే ఏడాది అనుకునే మొదలుపెడతాను. ఒక పలకకు గుర్తు పెట్టి వారం వారం తూచండి. రెండు మూడు వారాలు బరువు మారకపోతే మీ ఊరి గాలితో దానికి రాజీ కుదిరినట్టే.

ఎండలో పెడితే త్వరగా ఆరుతుంది కదా?

పైభాగం త్వరగా ఆరుతుంది. పైభాగం కుంచించుకుపోవాలని చూస్తుంది, లోపల తడిగా ఉన్నది ఒప్పుకోదు. ఆ పోట్లాటలో చెక్క పగులుతుంది. మే నెల వడగాడ్పుల్లో అయితే నీడలో ఉన్న కలపకు కూడా గాలి వచ్చే వైపు గోనెపట్టాలు కట్టాలి.

కిల్న్‌లో ఆరబెట్టిన చెక్కకు ఎక్కువ డబ్బు పెట్టొచ్చా?

పెట్టొచ్చు. వేడి, తేమ, గాలి వేగం మూడూ అదుపులో ఉండే గది అది. ఆరుబయట నెలలు పట్టే అంగుళం పలకలు అందులో వారం, రెండు వారాల్లో సిద్ధమవుతాయి. వేడికి లోపలి పురుగులూ గుడ్లూ చస్తాయి. అయితే తొందరపడి వేడి పెంచేసినవాళ్ల దగ్గర చెక్క పైన బిగుసుకుపోయి, లోపల ఒత్తిడితో ఉంటుంది. అలాంటి పలకను నిలువునా చీలిస్తే రెండు సగాలూ రంపాన్ని నొక్కేస్తూ లోపలికి ముడుచుకుంటాయి. వడ్రంగులకు ఈ అనుభవం బాగా ఉంటుంది, అడిగి చూడండి.

నెమ్మదిగా ఆరబెట్టే విద్య మనకు కొత్తది కాదు. కొండపల్లి బొమ్మలు చేసేవాళ్లు పునికి చెక్కను సన్నని సెగ మీద ఆరబెట్టాకే రంగు ముట్టుకుంటారు.

మా తాతగారు చెరువులో నానబెట్టేవారు. నీళ్లలో వేస్తే ఆరడమేమిటి?

ఆయన చేసింది సరైన పనే. నానబెడితే చెక్కలోని పిండి పదార్థం, చక్కెరలు నీళ్లలోకి పోతాయి. తిండి లేకపోతే పిండి రాల్చే పురుగు రాదు. వెదురుకూ తాటికీ ఇది బాగా పనిచేస్తుంది. పూర్తిగా మునిగిన చెక్క పుచ్చదు కూడా, ఎందుకంటే పుచ్చు పట్టించే శిలీంధ్రానికి గాలి కావాలి. మేడి చెక్క బయట పెడితే ఎందుకూ కొరగాదు, బావి అడుగున ఒరలా (గోడ కింద చట్రంలా) వేస్తే మాత్రం ఏళ్ల తరబడి ఉంటుంది. అయితే నానబెట్టడం చెద నుంచి కాపాడదు, పైగా తీశాక ఆరబెట్టే పని మామూలే.

టేకుకు చెద పట్టదంటారు. మా కిటికీకి పట్టింది. మోసపోయామా?

కోత ముఖం చూడండి. నడిమధ్య బంగారు గోధుమ రంగులో ఉన్నది చేవ. చుట్టూ పాలిపోయినట్టున్నది తెల్ల చెక్క. చెదకు గిట్టని పదార్థాలన్నీ చేవలోనే ఉంటాయి. తెల్ల చెక్క టేకుదైనా, మామిడిదైనా చెదకు ఒకటే. పన్నెండు, పదిహేనేళ్లకే కొట్టిన పొలం గట్టు టేకులో తెల్ల భాగమే ఎక్కువ. పాలిష్ చేస్తే రెండూ ఒకే రంగులోకి వస్తాయి, కాబట్టి పాలిష్ చేయకముందే చూసుకోవాలి. మనిషిని 'చేవ ఉన్నవాడు' అని ఊరికే అనలేదు.

బర్మా టేకు పేరుతో అమ్మేదాన్ని కాస్త అనుమానించండి. మయన్మార్ 2014 ఏప్రిల్ నుంచి దుంగల ఎగుమతిని నిషేధించింది. అడితుల్లో కనిపించే దిగుమతి టేకులో చాలాభాగం ఆఫ్రికా, లాటిన్ అమెరికా తోటల్లో పెరిగినది. అది పనికిరాదని కాదు. పేరుకు కాకుండా చేవకూ తేమకూ డబ్బు ఇవ్వండి.

టేకు తప్ప వేరే ఏమీ వాడకూడదా?

ఎందుకు వాడకూడదు! పైకప్పుకు, దూలాలకు నల్లమద్ది గట్టిది, కానీ ఆరేటప్పుడు పగిలే గుణం ఉంది, ఓపిక కావాలి. ఏగిస తలుపులకు చక్కగా ఉంటుంది. వేపను చేవ చూసి తీసుకుని బాగా ఆరబెడితే గుమ్మాలకు వాడొచ్చు. తుమ్మ బలమైనదే, పని పట్టడం కష్టం. కోస్తాలో పాత పెంకుటిళ్లకు తాటి వాసాలే ఆధారం. తాటిలో గట్టిదనం బయటి అంచునే ఉంటుంది, నడిమి భాగం మెత్తటి పీచు. కాబట్టి చేవ లోపల ఉంటుందన్న సూత్రం తాటికి తిరగబడుతుంది. ముదురు చెట్టు అంచు వాడి, లోపలిది తీసేయాలి.

చెదా, పుచ్చా, పురుగా? ఎలా తెలుస్తుంది?

గోడ మీదో, గుమ్మం మీదో మట్టి గొట్టాలు కనిపిస్తే చెద. అది నేలలోంచి వస్తుంది, కాబట్టి గుమ్మానికి మందు పూసి ఊరుకుంటే పక్క గుమ్మానికి పోతుంది. నేలకు మందు పట్టించాలి, అది పెస్ట్ కంట్రోల్ వాళ్ల పని. ఇల్లు కట్టేటప్పుడే పునాదికి చేయిస్తే ఖర్చూ తక్కువ, బాధా తక్కువ.

సూది బెజ్జాల లాంటి చిల్లులు, కింద మైదాలాంటి పిండి కనిపిస్తే పురుగు. ఇది ఎక్కువగా తెల్ల చెక్కలోనే.

చెక్క మెత్తబడి, గోరుతో గుచ్చితే దిగిపోతుంటే పుచ్చు. పుచ్చు ఉందంటే ఎక్కడో నీరు ఉందని అర్థం. తేమ 20 శాతం లోపు ఉన్న చెక్క పుచ్చదు. బాత్రూమ్ గుమ్మం అడుగు భాగమే మొదట పోవడానికి కారణం అదే. మందు కంటే ముందు ఆ నీటి దారి మూయండి.

ఇంట్లోనే చేసుకోగల మందు ఏదైనా ఉందా?

లోపల వాడే చెక్కకు బోరాక్స్, బోరిక్ యాసిడ్ కలిపిన నీళ్లు. వంద లీటర్ల నీటికి మూడు కిలోల బోరాక్స్, రెండు కిలోల బోరిక్ యాసిడ్. వేడి నీటిలో అయితే త్వరగా కరుగుతాయి. ఈ మందుకు ఒక విచిత్రమైన గుణం ఉంది. పచ్చి చెక్కలోనే బాగా పాకుతుంది. లోపలి నీరే దానికి దారి. అందుకని కోయించిన వెంటనే తొట్టిలో ముంచి, తీశాక టార్పాలిన్‌తో గాలి తగలకుండా కప్పి కొన్ని వారాలు ఉంచి, ఆ తర్వాత ఆరబెట్టడం మొదలుపెట్టాలి. ఆరిన చెక్కకు బ్రష్‌తో పూస్తే పైపైనే ఉంటుంది. టేకు చేవ మందును దాదాపు తాగనే తాగదు, దానికి అవసరమూ లేదు. తెల్ల భాగానికే ఇదంతా.

చేతులకు గ్లోవ్స్ వేసుకోండి, పిల్లలు, పశువులు ఆ తొట్టి దరిదాపులకు రాకుండా చూడండి. వానకు తడిసే చోట ఇది వాడి లాభం లేదు, కరిగి పోతుంది.

మందు ఎంత లోతుకు దిగిందో లేబొరేటరీల్లో పసుపుతోనే చూస్తారు. కోత ముఖం మీద పసుపు సారం చల్లి, పైన ఆమ్ల ద్రావణం చల్లితే బోరాన్ ఉన్నంత మేరా ఎర్రబడుతుంది, లేని చోట పసుపుగానే ఉండిపోతుంది. గడపకు పసుపు రాసే మనకు ఇది ముచ్చటగా అనిపించడం సహజం. రెంటికీ సంబంధం మాత్రం లేదు.

సీసీఏ అనే మందును తెలుగువాడు కనిపెట్టాడట, నిజమేనా?

నిజమే. ఇంటిపేరే చెబుతుంది: శొంఠి కామేశం. డెహ్రాడూన్‌లోని అటవీ పరిశోధన సంస్థలో పనిచేస్తూ 1933లో రాగి, క్రోమియం, ఆర్సెనిక్ కలిపిన ఈ మందును కనిపెట్టారు. రాగి శిలీంధ్రాన్ని, ఆర్సెనిక్ పురుగును చంపుతాయి. క్రోమియం ఆ రెండింటినీ వానకు కొట్టుకుపోకుండా చెక్కకు అతికిస్తుంది. అంతకుముందున్న చాలా లవణాలకు ఈ అతుకు లేదు. 'ఆస్కూ' పేరుతో ప్రపంచమంతా పాకింది. పెద్ద ఉక్కు గొట్టంలో కలపను పెట్టి, గాలి లాగేసి, ఒత్తిడితో మందు ఎక్కిస్తారు. కలప ఆకుపచ్చగా మారుతుంది. స్తంభాలకు, కంచెలకు మంచిదే. ఆర్సెనిక్ భయంతో అమెరికాలో 2003 చివరికి ఇళ్ల వాడకం నుంచి తప్పించారు. ఆ ఆకుపచ్చ కలప ముక్కల్ని పొయ్యిలో మాత్రం పెట్టకండి, బూడిదలోనూ పొగలోనూ విషం ఉంటుంది.

వాడేసిన ఇంజిన్ ఆయిల్, తారు, వేపనూనె పూస్తే?

ఇంజిన్ ఆయిల్ వద్దు. కంపు, బట్టలకు మరకలు, తర్వాత పెయింట్ పట్టదు. నేలలో పాతే గుంజల అడుగుకు తారు నీటిని కొంత ఆపుతుంది, కానీ గుంజ ఆరాకే పూయాలి. పచ్చిదానికి పూస్తే తడి లోపలే ఇరుక్కుని ఇంకా త్వరగా పుచ్చుతుంది. వేపనూనె కొన్నాళ్లు పనిచేస్తుంది, మళ్లీ మళ్లీ పూసే ఓపికుంటే సరే.

అడితిలో ఘనపుటడుగుల లెక్క ఎలా సరిచూసుకోవాలి?

కోసిన సైజుకు: వెడల్పు, మందం అంగుళాల్లో, పొడవు అడుగుల్లో తీసుకుని గుణించి 144తో భాగించాలి. ఏడడుగుల ఎత్తు, మూడున్నర అడుగుల వెడల్పు, గడపతో సహా ఉన్న ద్వారబంధానికి మొత్తం 21 అడుగుల కమ్మె కావాలి. అయిదు, మూడు అంగుళాల సైజైతే సుమారు 2.2 ఘనపుటడుగులు.

దుంగకు చుట్టుకొలతలో నాలుగో వంతును దానితోనే గుణించి, పొడవుతో గుణిస్తారు. ఈ లెక్క అసలు ఘనపరిమాణం కంటే అయిదో వంతుకు పైగా తక్కువే చూపిస్తుంది, అది కోతలో పోయే తరుగుకు వదిలినట్టు. బెరడు తీసి కొలుస్తున్నారా, తీయకుండానా అన్నది చూసుకోండి.

మా పొలంలోని టేకు మేమే కొట్టుకోవచ్చా?

చెట్టు మీదైనా, కొట్టే ముందూ తరలించే ముందూ అనుమతులు అవసరం పడతాయి. 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం, అటవీ ఉత్పత్తుల రవాణా నిబంధనలు ఉన్నాయి. ముందు మీ పరిధిలోని అటవీ రేంజి ఆఫీసులో కనుక్కోండి. లారీ రోడ్డు మీద ఆగిపోయాక కనుక్కుంటే టెన్షన్ తప్పదు.

పాత ఇల్లు పడగొడుతున్నాం. ఆ దూలాలు కొత్త ఇంటికి వాడొచ్చా?

వాడమనే చెబుతాను. ఎనభై ఏళ్లుగా కప్పు కింద ఆరిన కలప అది, డబ్బిచ్చినా అంత నిలకడైన చెక్క దొరకడం కష్టం. గోడలో దూరిన రెండు చివర్లనూ సుత్తితో కొట్టి వినండి. ఖంగుమంటే సరే, బొక్కుమంటే ఆ మేర కోసేయండి. మధ్య భాగం సాధారణంగా బాగుంటుంది. మేకులన్నీ తీయించి, మిగిలిపోయిన వాటి కోసం అయస్కాంతం తిప్పి చూశాకే మిల్లుకు పంపండి. ఒక్క మేకు తగిలినా రంపం పళ్లు పోతాయి, మిల్లువాళ్లు ఇంకోసారి మీ కలపను లోపలికి రానివ్వరు.

మా సింహద్వారం గడప మార్చే రోజు వస్తే, మా అమ్మమ్మ వాళ్ల ఊళ్లో పెంకుటిల్లు విప్పినప్పుడు తెచ్చుకున్న టేకు దూలం షెడ్డులో సిద్ధంగా ఉంది. చివర్లు కోయించేశాను. తేమ కూడా కొలిచాను: పదకొండు.